లిఫ్టున్న చోట బస్సుండదు

1993లో నల్లకుంటలో ఫ్లాటు కొన్నప్పుడు ఆవిడ మూడో అంతస్తే కావాలని కోరి మరీ తీసుకుంది. కింది ఫ్లాట్ల కంటే ధర కాస్త తక్కువ. పైగా డాబా దగ్గర. వడియాలు పెట్టుకోవచ్చు, బట్టలారేసుకోవచ్చు, వేసవి రాత్రిళ్లు చాప పరుచుకుని పిల్లలతో పడుకోవచ్చు. లిఫ్టు లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కింద ఒకటి, పైన మూడు, వెరసి నాలుగంతస్తుల బిల్డింగుకి లిఫ్టేమిటి, షోకు కాకపోతే అనుకునే రోజులవి. టెలిఫోన్స్ ఆఫీసులో ఉద్యోగం, చదువుకునే ఇద్దరు పిల్లలు, హఠాత్తుగా పోయిన భర్త. వీటన్నిటి మధ్య జీపీఎఫ్‌లో కొంత తీసి, మిగిలినదానికి లోను పెట్టి, ఒక్కతే రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగి కొనుక్కున్న ఇల్లది. అప్పుడావిడకి నలభై ఏళ్లు.

మొత్తం 57 మెట్లు. కూరగాయల సంచీతో ఎక్కింది, నిద్రపోయిన పిల్లాణ్ని భుజాన వేసుకుని ఎక్కింది, కరెంటు లేని రాత్రుల్లో గోడ తడుముకుంటూ ఎక్కింది. సిలిండర్ తెచ్చే కుర్రాడు రొప్పుతూ పైకొచ్చేసరికి మజ్జిగ గ్లాసు సిద్ధంగా పెట్టేది. అతని కష్టమే గానీ తన కష్టం ఎప్పుడూ కనిపించలేదు.

రిటైరయ్యాక ఆవిడ ఇంట్లో కూర్చున్నది తక్కువ. పొద్దున నల్లకుంట మార్కెట్టు, వారానికోసారి చిక్కడపల్లిలో సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రాలు త్యాగరాయ గానసభలో ఏదో ఒక కార్యక్రమం, శంకరమఠంలో ప్రవచనం. జనవరి వస్తే నాంపల్లి నుమాయిష్‌కి కనీసం మూడుసార్లు. అన్నీ బస్సులోనే. ఏ బస్సు ఏ మలుపులో నెమ్మదిస్తుందో కండక్టర్ల కంటే ఆవిడకే బాగా తెలుసని పిల్లలు వేళాకోళం చేసేవారు.

2023 డిసెంబరులో బాత్రూములో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆ నెల 9వ తేదీనే తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. జీరో టికెట్ తీసుకుని ఒక్కసారైనా తిరగకముందే మంచాన పడిందావిడ. ఆపరేషన్ అయింది. మూడు నెలలకి చేతికర్రతో నడక వచ్చింది. మెట్లు మాత్రం రాలేదు.

రావంటే బొత్తిగా రావని కాదు. ఒక చేత్తో రెయిలింగు, ఇంకో చేత్తో కర్ర, ముందు కూతురు, వెనక వాచ్‌మన్. మెట్టుకో క్షణం, అంతస్తుకో కుర్చీ. కిందికి దిగడానికి అరగంట, ఎక్కడానికి ముప్పావుగంట. డాక్టరు దగ్గరికి తప్ప ఎవరైనా ఇంత తంటా ఎందుకు పడతారు? 2024 మే 13న పార్లమెంటు ఎన్నికలు. ఎన్నడూ ఓటు మానని మనిషి. ఆవేళ వాచ్‌మనూ, ఇద్దరు కుర్రాళ్లూ కలిసి ఆవిణ్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. తిరిగొచ్చాక అలాగే ఎక్కించారు. ఎవరూ విసుక్కోలేదు, పైగా సంబరంగా చేశారు. ఫొటో కూడా తీశారు. ఆ రాత్రి ఆవిడ కూతురికి ఫోన్ చేసి ఒకటే మాట అంది: ‘‘ఇంకెప్పుడూ నన్ను కుర్చీలో మోయకండే.’’

ఆ మాట దగ్గర్నుంచే వేట మొదలైంది.

మొదట అనుకున్నది ఉన్న బిల్డింగుకే లిఫ్టు పెట్టించుకోవాలని. ఇంజినీరొచ్చి కొలతలు తీసుకున్నాడు. మెట్ల మధ్య జాగా చాలదన్నాడు. వెనక గోడకి ఆనించి బయటినుంచి ఇనుప చట్రంతో కట్టవచ్చు గానీ, కింద గుంట తవ్వాలి, రెండు స్కూటర్లు నిలిపే చోటు పోతుంది, ఖర్చు లక్షల్లో. అసోసియేషన్ మీటింగు డాబా మీద పెట్టారు, అదీ ఓ వింత! ఆవిడ పైన ఉంది కాబట్టి సులువుగానే వెళ్లింది. కింది అంతస్తువాళ్లు ముగ్గురూ ‘‘మాకు లిఫ్టుతో పనేముందండీ, మేమెందుకివ్వాలి?’’ అన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేదని ఎలా అంటాం? మొదటి అంతస్తులో ఇద్దరు ‘చూద్దాం’ అన్నారు. మూడు ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలో ఉన్నారు, అద్దెకున్నవాళ్లు చేయెత్తడానికి లేదు. పన్నెండు ఫ్లాట్లలో సరేనన్నవి నాలుగు. కాఫీలు తాగి లేచారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ... ముప్పై ఏళ్ల కిందట కట్టిన చిన్న అపార్ట్‌మెంట్లున్న ప్రతిచోటా ఈ మీటింగు ఇలాగే ముగుస్తూ ఉంటుంది. కొన్నప్పుడు అందరివీ నలభై ఏళ్ల కాళ్లే. ముసలితనం మాత్రం ఒక్కో ఫ్లాటుకి ఒక్కో ఏడాది వస్తుంది.

కొడుకు ఉండేది కొల్లూరులో, ఔటర్ రింగ్ రోడ్డు దాపున. బ్లాకుకి నాలుగు లిఫ్టులు. ఆపరేషన్ తర్వాత నెల రోజులు ఆవిడ అక్కడే ఉంది. ఆ లిఫ్టుల సంగతి చెప్పాలి... ఏ అంతస్తొచ్చిందో ఆడగొంతుతో చెబుతాయి. స్ట్రెచర్ పట్టేంత పెద్దది ఒకటి విడిగా. కోడలు మంచిది, మనవడు పక్కలోనే పడుకునేవాడు. కిందికి దిగితే నడవడానికి బాట, కూర్చోడానికి బెంచీలు. అయితే ఆ గేటు దాటితే ఏముంది? కార్లు దూసుకుపోయే రోడ్డు. ఆటో కావాలన్నా ఫోన్లో పిలవాల్సిందే. మెట్రో రైలు మియాపూర్‌లోనో రాయదుర్గంలోనో ఆగిపోతుంది, అక్కడిదాకా వెళ్లడానికి మళ్లీ కారే దిక్కు. కారుంది, కానీ అది కొడుకుతో పాటు ఆఫీసుకెళుతుంది.

‘‘ఇక్కడే ఉండిపోమ్మా. నీకేం లోటు?’’ అన్నాడు కొడుకు.

‘‘నీ ఇంట్లో పైకీ కిందికీ వెళ్లడానికి లిఫ్టుంది నాన్నా. ఎక్కడికైనా వెళ్లడానికే ఏమీ లేదు’’ అందావిడ.

‘‘ఈ వయసులో ఒక్కదానివే ఎక్కడికెళతావు?’’

అతను ప్రేమతోనే అడిగాడు. కానీ ముప్పై ఏళ్లు ఒంటి చేత్తో ఇల్లీడ్చిన మనిషికి ఆ ప్రశ్న ఎలా వినిపిస్తుందో కొడుకులకి తట్టదు. కూతురికి తట్టింది. ఆమె ఉప్పల్‌లో ఉంటుంది, బడిలో టీచరు. ఆదివారాలు అమ్మ కోసం ఇల్లు వెతుకుతానంది. నల్లకుంట ఫ్లాటు అమ్మే మాట లేదు. దాన్ని అద్దెకిచ్చి, ఆ డబ్బుకి పెన్షన్‌లోంచి కొంత కలిపి ఇంకోచోట అద్దెకుండాలి. షరతులు రెండే: లిఫ్టుండాలి, మెట్రో దగ్గరుండాలి.

మెట్రోయే ఎందుకు, బస్సు ఊరికే వస్తుంటే? ఎందుకంటే బస్సు మొదటి మెట్టు రోడ్డు నుంచి ఎంతెత్తున ఉంటుందో మోకాళ్లున్నవాళ్లకే తెలుస్తుంది. ఎక్కీ ఎక్కకముందే కదులుతుంది కూడా. ఉచిత టికెట్ ఉంది, కాలు అందదు! మెట్రోలో అయితే ప్లాట్‌ఫామూ రైలు గచ్చూ ఒకే మట్టంలో ఉంటాయి, కర్ర ముందుకి వేసి నడిచి లోపలికెళ్లిపోవడమే. స్టేషన్లు ఎత్తున కట్టినా లిఫ్టులున్నాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లతో మొదలైన రైలు, 2020 ఫిబ్రవరికల్లా జేబీఎస్ నుంచి చిక్కడపల్లి మీదుగా ఎంజీబీఎస్ దాకా కూడా వచ్చింది. ఆ స్తంభాలు లేచిన ఏళ్లల్లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దుమ్ము తిన్నవాళ్లలో ఆవిడా ఒకరు. అప్పుడు తిట్టుకుంది. ఇప్పుడు ఆ గీత పొడుగునే ఇల్లు కావాలంటోంది.

వెతుకులాటలో మొదట తెలిసొచ్చిన సంగతి, ‘లిఫ్టుంది’ అన్న మాటకి చాలా అర్థాలున్నాయని. ఒకచోట లిఫ్టు నాలుగో అంతస్తు దాకానే ఉంది, ఇల్లు మాత్రం ఆపైన పెంట్‌హౌస్. మిగిలిన పద్ధెనిమిది మెట్లూ నడవాలి. ‘‘ఒక్క ఫ్లోరే కదా మేడం’’ అన్నాడు బ్రోకరు. ఇంకోచోట వాచ్‌మన్ ముందే చెప్పేశాడు: ‘‘లిఫ్టు బందున్నదమ్మా. బాగు జేసేటోడు వస్తనన్నడు, రాలే. సంక్రాంతి కెళ్లి గిట్లనే ఉంది.’’ వచ్చింది జూలైలో. మెయింటెనెన్స్ ఎవరు కట్టాలో తేలక ఆగిందట. ఆ రోజు నుంచి కూతురు ఇల్లు చూడకముందు వాచ్‌మన్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది. ఓనరు పదిహేను నిమిషాల్లో చెప్పనిది వాచ్‌మన్ ఒక్క ముక్కలో చెబుతాడు.

చిక్కడపల్లి సందులో ఒకటి దొరికింది. స్టేషన్ దగ్గర, లైబ్రరీ దగ్గర, గానసభ దగ్గర. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే పాతకాలపు ఇనుప గ్రిల్లు తలుపుల లిఫ్టు. రెండు తలుపులు, రెండూ చేత్తో లాగాలి. చేతికర్ర ఎక్కడ పెట్టాలి? పై అంతస్తులో ఎవరైనా తలుపు సరిగ్గా వేయకపోతే లిఫ్టు కదలదు. ఆ పది నిమిషాల్లోనే ఎవరో కిందినుంచి ‘‘లిఫ్టు డోరేయండీ!’’ అని రెండుసార్లు అరిచారు. 2025 ఫిబ్రవరిలో మాసబ్‌ట్యాంక్ ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంటులో ఆరేళ్ల పిల్లాడు లిఫ్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ప్రాణం పోగొట్టుకున్న వార్త కూతురికి గుర్తొచ్చింది. సెలవులకి తన కొడుకు అమ్మమ్మ దగ్గరే ఉంటాడు. ఆ ఇల్లు వదిలేశారు.

లోపల రేకు మీద ఏం రాసుందో ఎవరైనా చదువుతారా? ‘6 మంది, 408 కిలోలు’ అని ఉంటుంది. అంటే మనిషికి 68 కిలోల లెక్క. నలుగురి లిఫ్టయితే 272, ఎనిమిది మందిదైతే 544. అది బరువుకి సంబంధించిన లెక్కే అయినా, లిఫ్టు ఎంత వెడల్పో కూడా దాన్ని బట్టి తెలుస్తుంది. నలుగురి లిఫ్టులో వీల్‌చెయిర్ తిరగడం కష్టం. ఇప్పటికి కర్రే, రేపు వీల్‌చెయిర్ కాదని ఎవరు చెప్పగలరు? ఆ మాట తల్లీ కూతుళ్లిద్దరూ పైకి అనలేదు. కూతురు మాత్రం టేపు పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

కరెంటు సంగతి మరొకటి. ‘పవర్ బ్యాకప్ ఉంది’ అంటారు. దేనికుంది? చాలాచోట్ల మెట్ల మీది దీపాలకీ, నీళ్ల మోటారుకీ. లిఫ్టుకి ఉందా అని విడిగా అడగాలి. ఏఆర్‌డీ అనే బ్యాటరీ పెట్టె ఉంటే కరెంటు పోగానే లిఫ్టుని దగ్గర్లోని అంతస్తు దాకా తెచ్చి తలుపు తెరుస్తుంది. అంతవరకే దాని పని. ఆ తర్వాత మళ్లీ ఎక్కించదు. మీ ఫ్లాటు నాలుగులో ఉండి అది రెండులో దింపేస్తే కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. జనరేటర్ లిఫ్టుని కూడా లాగుతుందో లేదో తెలుసుకోవాలంటే ఓనర్ని అడగనక్కర్లేదు, మెయిన్ ఆపి చూపించమంటే సరి. ఇద్దరు ఓనర్లు ఆ మాటకి ముఖం ముడుచుకున్నారు.

మనుషులు లిఫ్టుల్లో తిరగడం మొదలై నూట అరవై ఏళ్లు దాటింది. 1857లో న్యూయార్కులో ఐదంతస్తుల దుకాణంలో ఎలీషా ఓటిస్ బిగించినది తొలి ప్రయాణికుల లిఫ్టు. తాడు తెగినా పెట్టె పడిపోకుండా పట్టేసే ఏర్పాటు అతనిదే, జనం ధైర్యంగా ఎక్కింది అందుకే. అంతకుముందు పెద్ద నగరాల్లో పై అంతస్తులు పేదవాళ్లకి, కింది అంతస్తులు డబ్బున్నవాళ్లకి. లిఫ్టు వచ్చాక అది తలకిందులైంది. నల్లకుంటలో మాత్రం 1993లో కూడా పై అంతస్తే చవక. ఆ చవకే ఇప్పుడు బాకీ వసూలు చేస్తోంది.

ఇక మెట్రో దూరం. బోర్డుల మీదా, బ్రోకర్ల నోళ్లలోనూ అన్నీ ‘ఐదు నిమిషాలే’. ఎవరి ఐదు నిమిషాలు? బండి మీద వెళ్లేవాడివి. అందుకే ఏదైనా ఇల్లు నచ్చితే కూతురు తల్లిని ఆటోలో స్టేషన్ దగ్గర దింపి, అక్కణ్నుంచి ఇంటిదాకా ఆవిడ నడకతోనే నడిపించి చూసేది. కూతురికి ఏడు నిమిషాలయ్యే దారి ఆవిడకి పద్ధెనిమిది. దారిలో ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టిఫిన్ బండి, ఆ తర్వాత వరసగా నిలిపిన బైకులు. రోడ్డు మీదికి దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఒక్కో ఫుట్‌పాత్ అంచు మెట్టు కంటే ఎత్తు. స్టేషన్లో లిఫ్టు ఏ పక్క ఉందో, రోడ్డు దాటకుండా దాన్ని అందుకోగలమో లేదో కూడా చూసుకోవాలి.

ఇవన్నీ కుదిరిన చోట ఇంకో చిక్కు. హిమాయత్‌నగర్ వైపు ఒక ఓనరు కాఫీ ఇచ్చి, ఊరూ పేరూ అడిగి, ఇంటిపేరు నుంచి ఏవో లెక్కలు కట్టుకుని, చివరికి ‘‘మీరొక్కరేనా అమ్మా ఉండేది?’’ అన్నాడు. అవునంది. ‘‘ఏమనుకోకండి... రేపేదైనా అయితే మాకు ఇబ్బంది.’’ పెళ్లికాని కుర్రాళ్లకి ఇల్లివ్వరని అందరికీ తెలుసు. వయసు మళ్లిన ఒంటరి ఆడమనిషికీ ఇవ్వరని ఆవిడకి డెబ్భై రెండో ఏట తెలిసింది. మెట్లు దిగలేకపోయిన రోజు కూడా రాని కన్నీళ్లు ఆవేళ ఆటోలో వచ్చాయి. కూతురు పక్కకి తిరిగి రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆ ఆదివారం ఇంకో ఇల్లు చూడలేదు. ఆ తర్వాతి రెండు ఆదివారాలు కూడా చూడలేదు.

ఇల్లు దొరికింది తార్నాకలో. నాలుగో అంతస్తు, రెండు గదులు. లిఫ్టు ఎనిమిది మందిది, దానంతటదే తెరుచుకునే తలుపు, జనరేటర్‌తో నడుస్తుందని ఆపి చూపించారు. స్టేషన్‌కి ఆవిడ నడకలో పదకొండు నిమిషాలు. ఓనరు ఇక్కడా అదే ప్రశ్న అడిగాడు, ‘‘ఒక్కరే ఉంటారా?’’ అని. ఈసారి ఆవిడ తడుముకోలేదు. ‘‘నెలాఖరుకి నా పెన్షన్ పడుతుంది. ఒకటో తారీఖుకి మీ అద్దె పడుతుంది. ఇరవై నిమిషాల్లో మా అమ్మాయొస్తుంది. ఇంకేం కావాలో చెప్పండి.’’ ఓనరు భార్య లోపల్నుంచి నవ్వుతూ వచ్చి ‘‘ఏమీ అక్కర్లేదండీ’’ అంది.

లోపం లేని ఇల్లుంటుందా? వాననీళ్లు లిఫ్టు గుంటలోకి పోకుండా పార్కింగు మట్టం కంటే లిఫ్టు ముందు గచ్చు మూడు మెట్లు ఎత్తు చేశారు. చాలా బిల్డింగుల్లో ఇదే తంతు. లిఫ్టెక్కడానికి మెట్లెక్కాలి! సగం ఖర్చు తానిస్తానని ఆవిడ అసోసియేషన్‌కి చెబితే, మేస్త్రీ ఒక్క రోజులో ఒక పక్కన వాలుగా సిమెంటు పోసి, రెయిలింగు బిగించాడు. ఇప్పుడు దాని మీదినుంచి పిల్లల సైకిళ్లు దిగుతున్నాయి, సిలిండర్లు దొర్లుతున్నాయి, రెండో అంతస్తులో పసిపిల్ల తోపుడుబండి వెళుతోంది. సగం ఖర్చు ఎవరిదో ఎవరికీ గుర్తులేదు, ఆవిడకి తప్ప.

తార్నాక నుంచి గానసభకి వెళ్లాలంటే మూడో స్టేషన్ పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి, పక్కనున్న జేబీఎస్ స్టేషన్‌లోకి నడిచి, ఆకుపచ్చ లైను రైలెక్కాలి. అక్కణ్నుంచి ఐదో స్టేషన్ చిక్కడపల్లి. మొదటిసారి కూతురు వెంట వెళ్లింది. రెండోసారి ఉప్పల్ నుంచి వచ్చి తార్నాకలో ఎక్కించి వదిలేసింది. మూడోసారి ఆవిడ వెళ్లినట్టు ఎవరికీ తెలియదు, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని కొడుక్కి ఫోన్ చేసేదాకా. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘తిరిగి ఎలా వస్తావమ్మా?’’ అన్నాడు. ‘‘వచ్చినట్టే’’ అంది.

నల్లకుంట ఇల్లు గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాళ్లకిచ్చింది. ఒంటరి ముసలమ్మకి ఇల్లివ్వనన్న మాట విన్నాక, బ్రహ్మచారులకి ఇవ్వనని అనబుద్ధి కాలేదట. వచ్చే అద్దెకీ కట్టే అద్దెకీ తేడా నెలకి ఐదు వేలు. కొడుకు ఇస్తానన్నాడు, వద్దంది. మెట్రో టికెట్ల ధరలు కూడా 2025 మేలో పెరిగాయి. ఆ మేరకు నెలకి రెండు ప్రయాణాలు తగ్గించుకుంది గానీ, నుమాయిష్ మాత్రం మానలేదు.

పోయినవి లేకపోలేదు. నల్లకుంట మార్కెట్టు పోయింది, తార్నాకలో కూరలు ఆవిడకి నచ్చవు. శంకరమఠం ప్రవచనం పోయింది. అన్నిటికంటే ఎక్కువ, ఎదురింటావిడ. ముప్పై రెండేళ్లు తలుపుకెదురు తలుపు. డికాషన్ ఎక్కువైతే అటు, మజ్జిగ తోడు తగ్గితే ఇటు. ఆమెకీ మోకాళ్లు పోయాయి, ఆమే మూడో అంతస్తులో ఉంది, దిగి ఏడాది దాటింది. ఈవిడ ఆ 57 మెట్లెక్కి చూడ్డానికి వెళ్లలేదు, ఆమె దిగి రాలేదు. ఒకే ఊళ్లో ఉండి, రోజూ నాలుగింటికి ఫోన్లోనే కాఫీ.

మొన్నీమధ్య ఫోన్లో ఎదురింటావిడ ఆరా తీసింది. లిఫ్టు తలుపు చేత్తో లాగాలా, దానంతటదే తెరుచుకుంటుందా? కరెంటు పోతే? కింద మెట్లున్నాయా? అన్నీ ఓపిగ్గా చెప్పి, తమ బిల్డింగులో రెండో అంతస్తుది వచ్చే నెల ఖాళీ అవుతోందని ఈవిడ చెప్పింది. అవతల కాసేపు చప్పుడు లేదు. ‘‘మా వాణ్ని అడగాలి’’ అందామె. తర్వాత ‘‘స్టేషన్‌కి నీ నడకతో ఎన్ని నిమిషాలన్నావు?’’ అని మళ్లీ అడిగింది.